అమ్మ వెన్నుపూసలో స్క్రూలతో పాటు సిమెంట్ కూడా వేస్తారట, వేయించాలా వద్దా?

#1 శైలు_ఏలూరు
అమ్మకి 69. మూడు వారాల కిందట పెరట్లో నీళ్ళ బకెట్ ఎత్తబోయింది, నడుం కలుక్కుమంది. జారలేదు, పడలేదు, బకెట్ ఎత్తింది అంతే. బామ్ రాసి కాపడం పెట్టుకుంటూ వారం గడిపేశాం. తగ్గకపోగా కాళ్ళు మొద్దుబారడం మొదలైంది. ఇప్పుడు బాత్రూమ్‌కి కూడా ఇద్దరం పట్టుకుని తీసుకెళ్ళాలి. ఎమ్మారైలో ఎల్1 పూస, అంటే నడుములో మొదటి పూస, నలిగిపోయి, ఒక ముక్క వెనక్కి నరాల మీదికి వచ్చిందన్నారు. డెక్సా స్కాన్‌లో టీ స్కోరు (ఎముక చిక్కదనం లెక్క) మైనస్ 3.6, ఎముకలు బాగా గుల్లబారాయని అర్థమట.

ఇద్దరికి చూపించాం. మొదటి డాక్టర్ గారు పైన రెండు పూసలకి, కింద రెండు పూసలకి స్క్రూలు వేసి, వాటిలో సిమెంట్ ఎక్కిస్తామన్నారు. రెండో ఆయన సిమెంట్ అక్కర్లేదు, లావు స్క్రూలు వేసి ఇంకో పూస దాకా పొడిగిద్దాం అన్నారు. ఇద్దరూ ఆపరేషన్ తప్పదనే అంటున్నారు, సిమెంట్ దగ్గరే తేడా. ఎస్టిమేట్‌లో "బోన్ సిమెంట్" ఒక లైను, "సిమెంట్ స్క్రూలు" ఇంకో లైను, మామూలు స్క్రూల కంటే రేటు బాగా ఎక్కువ.

పక్కింటి పిన్నిగారు ఆ సిమెంట్ గుండెకి పోతుందని అమ్మ ముందే అనేసి వెళ్ళారు. అప్పట్నుంచి అమ్మ "నాకేం వద్దు, ఇలాగే పడుంటాను" అని గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నయ్య మస్కట్‌లో ఉంటాడు, నువ్వే తేల్చు అంటాడు. నేనేం తేల్చను? బుధవారం అడ్మిట్ అవ్వమన్నారు. ఇంట్లో ఎవరికైనా ఇది చేయించిన వాళ్ళుంటే చెప్పండి.

#2 తాపీమేస్త్రి_మనవడు
43 గ్రేడా 53 గ్రేడా? క్యూరింగ్ ఎన్ని రోజులు కొట్టాలంట?

#3 నాయనమ్మ_ఫ్యాన్
#2 ఆవిడ టెన్షన్‌లో ఉంటే నీ జోకులేంటి బ్రో.

#4 శైలు_ఏలూరు
పర్లేదండీ. అమ్మకి చదివి వినిపించా. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "అడుగు, ఇసుక ఎంత కలుపుతారో" అంది.

#5 గుంటూరు_ఘాటు
బిల్లు పెంచడానికి ఇదొక దారి. స్క్రూ అంటేనే బిగుసుకునేది, మళ్ళీ దానికి సిమెంట్ ఏంటి? రెండో డాక్టర్ నిజాయితీపరుడు, ఆయన దగ్గరికే వెళ్ళండి.

#6 కరీంనగర్_కవిత
#5 అన్నా, మా బాపు సంగతి చెప్తా వినండి. 2019లో నడుముకి స్క్రూలు వేశారు, సిమెంట్ లేకుండా. అప్పుడు బాపుకి 72. నాలుగు నెలలు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత లేచి కూర్చుంటే చాలు లోపల ఏదో కదులుతుంది బిడ్డా అనేవాడు. మేం గ్యాస్ అనుకున్నం. ఎక్స్‌రే తీస్తే పై స్క్రూల చుట్టూ నల్లటి గీత గుండ్రంగా కనిపించింది. దాన్ని హేలో అంటారట, స్క్రూ వదులైందని గుర్తు. ఇంకో నెలకి ఒక స్క్రూ తల వీపు చర్మం కింద చేతికి తగిలింది. రెండోసారి కోసి, అన్నీ తీసి, ఈసారి సిమెంట్‌తో వేశారు. మొదటి డాక్టర్‌ని నేను తిట్టను, అప్పుడు డెక్సా అడగాలని మాకూ తెలియదు, ఆయనా రాయలేదు. కానీ రెండు ఆపరేషన్ల ఖర్చు ముందు సిమెంట్ ఖర్చు ఎంత అని మాత్రం అడుగుతా.

#7 డల్లాస్_దాసు
2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు ట్రయల్స్ వచ్చాయి. వెన్నుపూసలో సిమెంట్ ఎక్కించిన వాళ్ళకీ, ఎక్కించినట్టు నటించిన వాళ్ళకీ నొప్పి తగ్గడంలో తేడా లేదని తేలింది. సైన్స్ చెప్పేసింది. ఇండియాలో ఇంకా చేస్తున్నారంటే ఆశ్చర్యమే.

#8 సీ_ఆర్మ్_కింద
నేను వెన్నెముక సర్జన్‌ని. శైలు గారూ, పేషంట్‌ని చూడకుండా మీ అమ్మగారికి ఏది మంచిదో చెప్పను. సిమెంట్ ఎందుకు వేస్తారో, ఎక్కడ తేడా కొడుతుందో చెప్తాను.

ముందు #7కి. దాసు గారూ, ట్రయల్స్ నిజమే, కానీ అవి వెర్టిబ్రోప్లాస్టీ మీద. అంటే విరిగిన పూసలోకే సూదితో సిమెంట్ ఎక్కించి నొప్పి తగ్గించాలని చూడడం. ఇక్కడ సిమెంట్ వేసేది విరిగిన పూసలో కాదు, దాని పైనా కిందా ఉన్న పూసల్లో, నొప్పి కోసం కాదు, స్క్రూ ఊడకుండా. పదార్థం ఒకటే, పని వేరు. గోడకి వేసిన సున్నం బాగాలేదని తాంబూలంలో సున్నం మానేయలేం కదా.

ఇక #5కి. స్క్రూ పూస వెనక నుంచి పెడికిల్ అనే సన్నటి ఎముక వంతెన గుండా ముందున్న దిమ్మలోకి వెళుతుంది. గట్టి ఎముకలో మరలు కరుచుకుంటాయి. గుల్లబారిన ఎముకలో, తేనెపట్టులా ఉండాల్సిన లోపలి గదుల గోడలు సగం విరిగిపోయి ఉంటాయి. మర కరవడానికి ఏమీ దొరకదు. బిగించేటప్పుడే మా చేతికి తెలిసిపోతుంది, చివరి చుట్లలో రావాల్సిన బిగువు రాదు. మగ్గిన బొప్పాయిలో తిప్పినట్టు ఉంటుంది.

సిమెంట్ స్క్రూ మధ్యలో బోలుగా ఉంటుంది, కొన దగ్గర పక్కలకి రంధ్రాలుంటాయి. స్క్రూ సరైన చోట కూర్చుందని ఎక్స్‌రేలో చూసుకున్నాక, సిమెంట్ టూత్‌పేస్ట్ అంత చిక్కబడే దాకా ఆగి, దాని గుండా నెమ్మదిగా నెడతాం. నడుము పూసకి స్క్రూకి ఒకటిన్నర రెండు మిల్లీలీటర్లు, ఛాతీ వైపు పూసలకి ఇంకా తక్కువ. అది చుట్టుపక్కల గదుల్లోకి పాకి గట్టిపడుతుంది. స్క్రూ కొన చుట్టూ ఒక ముద్ద తయారవుతుంది. తర్వాత ఆ స్క్రూని లాగాలంటే ముద్దనంతా లాగాలి.

ఇది జిగురు కాదు. ఎముకకి అంటుకోదు, సందుల్లో ఇరుక్కుంటుంది.

#9 తాపీమేస్త్రి_మనవడు
అంటే గ్రౌటింగ్! సార్ ముందే చెప్తే జోకులేసేవాణ్ణి కాదు. మా తాత పాత మట్టిగోడల్లో కొక్కెం దిగ్గొట్టాలంటే ముందు చెక్క బిరడా కొట్టేవాడు, లేదా బొక్క పెద్దది చేసి సిమెంట్ పాలు పోసేవాడు. ఉత్త మేకు కొడితే పటం, మేకు, గోడ పెళ్ళ మూడూ కలిసి కింద పడతాయి.

#10 సీ_ఆర్మ్_కింద
మీ తాతగారు నా క్లాసులో ఉండాల్సింది. అన్నట్టు #2కి జవాబు: గ్రేడ్ లేదు, నీళ్ళు కొట్టక్కర్లేదు. ఇది పీఎమ్ఎమ్ఏ, అంటే ఒక రకం అక్రిలిక్. కట్టుడు పళ్ళ సెట్టులో గులాబీ రంగు చిగురు ఉంటుందే, అది కూడా ఈ కుటుంబమే. పొడి, ద్రవం కలపగానే గడియారం మొదలు, పావుగంటలోపు రాయి అయిపోతుంది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. తుంటి మార్పిడి ఆపరేషన్లలో 1960ల నుంచీ వాడుతున్నారు. వెన్నుపూసలోకి మొదటిసారి ఎక్కించింది 1984లో, ఫ్రాన్స్‌లో. అది ఎముక గుల్ల కోసం కాదు, మెడ రెండో పూసలో పెరిగిన రక్తనాళాల గడ్డ కోసం.

#11 శైలు_ఏలూరు
డాక్టర్ గారూ చాలా థాంక్స్. మరి పిన్నిగారి మాట? గుండెకి పోవడం?

#12 మత్తు_మాస్టారు
ఇది నేను చెప్తాను, ఆ టైమ్‌లో మానిటర్ చూస్తూ నిలబడేది మేమే కాబట్టి (అనెస్థీషియా). పిన్నిగారు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. పూస లోపల సిరలు బోలెడు. సిమెంట్ పల్చగా ఉండగా నెట్టినా, ఎక్కువ నెట్టినా, సిరలో పడి గుండె కుడి వైపు గుండా ఊపిరితిత్తుల దాకా వెళ్ళొచ్చు. చాలామందిలో చిన్న చిన్న తునకలు వెళ్ళి కూర్చుంటాయి, మనిషికి తెలియను కూడా తెలియదు, తర్వాత ఎప్పుడో వేరే పనికి సీటీ తీస్తే తెల్లగా కనిపిస్తాయి. పెద్దది వెళ్తే మాత్రం ప్రమాదమే. అరుదు, కానీ లేదని చెప్పను. సిమెంట్ ఎక్కేటప్పుడు బీపీ, ఆక్సిజన్ పడిపోవడం కూడా ఉంటుంది. అందుకే మంచి సర్జన్ "సిమెంట్ వేస్తున్నా" అని గట్టిగా చెప్పి మరీ మొదలుపెడతాడు. ఆ మాట వినగానే నేను ఫోన్ జేబులో పెట్టేస్తా. ఆ వాసనకి థియేటర్లో అందరికీ తెలిసిపోతుందనుకోండి, నెయిల్ పాలిష్ డబ్బా ఒలికినట్టు ఉంటుంది.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ముందే చెప్పండి. మీ అమ్మగారికి గుండె స్కాన్, అదే ఎకో, తీశారా?

#13 శైలు_ఏలూరు
తీశారండీ, బాగానే ఉందన్నారు. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర.

#14 నాయనమ్మ_ఫ్యాన్
#12 ఫోన్ జేబులో పెట్టేస్తా అంటే, అప్పటిదాకా..?

#15 మత్తు_మాస్టారు
#14 పేషంట్ ఫైల్ ఫోన్‌లో చూస్తున్నా అండీ. 😐

#16 వైజాగ్_వాకర్
సిమెంట్ పక్కకి కారిన కేసు మా అత్తయ్యది. ఊపిరితిత్తులకి కాదు, నరం పక్కకి. ఆపరేషన్ అయి మత్తు దిగగానే ఎడమ తొడ మంటెత్తిపోతోందని ఏడ్చారు. సీటీలో నరం బయటికొచ్చే దారిలో సిమెంట్ కనిపించింది. మర్నాడే మళ్ళీ తీసుకెళ్ళి ఆ ముక్క తీశారు. మంట పోయింది కానీ ఆ కాలు ఏడాది దాకా నీరసంగానే ఉంది. ఇప్పుడు నడుస్తారు. భయపెట్టాలని కాదు, #8 చదివితే అంతా సాఫీగా జరిగిపోతుందనిపిస్తుంది, అందుకని.

#17 సీ_ఆర్మ్_కింద
#16 చెప్పడం మంచిదైంది. కారడం అరుదేమీ కాదు, సీటీ తీసి వెతికితే చాలామందిలో ఎంతో కొంత కనిపిస్తుంది. ఎక్కువ శాతం ముందుకో పక్క సిరల్లోకో వెళ్ళి ఊరుకుంటుంది. వెనక్కి, వెన్నుపాము వైపు వెళితేనే గండం. అందుకే ఎక్స్‌రే చూస్తూ చుక్క చుక్క నెడతాం, వెనక్కి తిరుగుతోందనిపిస్తే అక్కడితో ఆపేస్తాం. స్క్రూ పూస గోడ చీల్చి బయటికి వచ్చి ఉంటే దాంట్లో అసలు వెయ్యం.

ఇంకోటి. ఎనిమిది స్క్రూలుంటే ఎనిమిదింటికీ వెయ్యాలని లేదు. లాగుడంతా ఎక్కువగా పై చివరా కింది చివరా ఉన్న వాటి మీద పడుతుంది. చాలామందిమి ఆ నాలుగింటికే వేస్తాం. సిమెంట్ మొత్తం తగ్గితే ఊపిరితిత్తుల రిస్కూ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. శైలు గారు అడగాల్సిన ప్రశ్న "సిమెంటా కాదా" కంటే "ఏ ఏ స్క్రూలకి" అని.

#18 గుంటూరు_ఘాటు
సరే, పూర్తిగా దోపిడీ కాదని ఒప్పుకుంటా. మరి రెండో డాక్టర్ తప్పా?

#19 సీ_ఆర్మ్_కింద
కాదు. స్క్రూకి పట్టు ఇవ్వడానికి దారులు చాలా ఉన్నాయి. లావు స్క్రూ, పొడుగు స్క్రూ, రంధ్రం కావాలని చిన్నది చేసి బిగించడం, ఇంకో పూస కలుపుకుని బరువు పంచడం. ఎముక బయటి గట్టి పొరని కరిచేలా వేరే కోణంలో వేయడం కూడా ఉంది. ఆయన బరువు పంచుదాం అంటున్నారు, మొదటాయన పట్టు పెంచుదాం అంటున్నారు. ఎక్కువ పూసలు కలిపితే వంగడం తగ్గిపోతుంది, కోత పొడుగవుతుంది, రక్తం పోతుంది. సిమెంట్ వేస్తే పైన చెప్పుకున్న రిస్కులు. రేపు ఇన్ఫెక్షన్ వస్తే సిమెంట్ ఉన్నచోట శుభ్రం చేయడం నరకం, అదీ ఉంది. మైనస్ 3.6 దగ్గర నేనైతే సిమెంట్ వైపు మొగ్గుతాను. అది నా అలవాటు, వేదం కాదు.

#20 డల్లాస్_దాసు
#8 ఒప్పుకుంటున్నా, రెండూ కలిపేశాను. కానీ సిమెంట్ స్క్రూకి కూడా పెద్ద ట్రయల్ ఉండాలి కదా, చేతికి బిగువు తెలిసింది అంటే సాక్ష్యం అవుతుందా?

#21 సీ_ఆర్మ్_కింద
అడగాల్సిన ప్రశ్నే. ల్యాబ్‌లో దానం చేసిన ఎముకల మీద లాగి చూస్తే సిమెంట్ ఉన్న స్క్రూ ఊడడానికి చాలా ఎక్కువ బలం కావాలని స్పష్టంగా తేలింది. పేషంట్లలో స్క్రూ వదులవడం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ నొప్పి, నడక విషయంలో తేడా అంత స్పష్టంగా లేదు. చేయి చెప్పింది చాలనను, అలాగని చేయి చెప్పింది విననూ లేను.

#22 ఫిజియో_ఫణి
ఇరవై పోస్టులు అయ్యాయి, ఒక్కరూ అడగలేదు. శైలు గారూ, అమ్మగారికి ఎముక మందు ఏం రాశారు?

#23 శైలు_ఏలూరు
కాల్షియం మాత్ర రోజుకి ఒకటి. విటమిన్ డి సాషే వారానికి ఒకటి.

#24 ఫిజియో_ఫణి
అది మందు కాదు, పప్పులోకి ఉప్పు లాంటిది. పప్పు ఏదీ?

పదకొండేళ్ళుగా చూస్తున్నా. స్క్రూలు అద్భుతంగా వేస్తారు, సిమెంట్ వేస్తారు, డిశ్చార్జ్ ఫైల్లో నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం. బకెట్ ఎత్తితే విరిగిన ఎముకకి వైద్యం ఏది? సర్జన్ అనుకుంటాడు ఫిజీషియన్ రాస్తాడని. ఫిజీషియన్ అనుకుంటాడు వెన్నెముక కదా, సర్జన్ చూసుకున్నాడని. ఏడాదికి పేషంట్ మళ్ళీ నా దగ్గరికి వస్తుంది, ఈసారి సిమెంట్ వేసిన పూసకి పైనున్న పూస నలిగి. సిమెంట్ ఆ నాలుగు స్క్రూల చుట్టూ ఎముకనే పట్టుకుంటుంది. మిగతా పూసలన్నీ, తుంటి, మణికట్టు, అవన్నీ మైనస్ 3.6 లోనే ఉన్నాయి.

#25 సీ_ఆర్మ్_కింద
#24 తల దించుకుని ఒప్పుకుంటున్నా. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే రాశాను.

#26 కరీంనగర్_కవిత
ఒక్క నిమిషం. బాపు ఫైలు తీసి చూసిన. రెండు ఆపరేషన్లు, ఐదేళ్ళు. కాల్షియం తప్ప ఏం లేదు!!

#27 వైజాగ్_వాకర్
అత్తయ్యకి కూడా లేదు. ఇప్పుడే ఫోన్ చేశా.

#28 శైలు_ఏలూరు
ఏం మందు అడగాలి? పేర్లు చెప్తే రాసుకుంటాను. ఇంకో సంగతి, చెప్పొచ్చో లేదో తెలియదు, అమ్మకి 34వ ఏట గర్భసంచి తీసేశారు. ఇప్పుడు డాక్టర్లెవరూ దాని గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు.

#29 పల్లెటూరి_నర్సు
చెప్పొచ్చా ఏంటమ్మా, అదే ముందు చెప్పాలి. మన రెండు రాష్ట్రాలూ గర్భసంచి తీయించుకోవడంలో దేశంలోనే ముందు వరసలో ఉన్నాయి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మా సబ్‌సెంటర్ పరిధిలో ముప్పై ఐదు దాటిన ఆడవాళ్ళ పొట్ట మీద గీత చూసి ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశాను. తెల్లబట్ట అన్నా, నడుంనొప్పి అన్నా, క్యాన్సర్ వస్తుందని బెదిరించి తీసేసేవాళ్ళు. చాలాసార్లు అండాశయాలు కూడా తీసేస్తారు. అవి పోతే ఈస్ట్రోజెన్ పోతుంది, యాభైలో మొదలవ్వాల్సిన ఎముక అరుగుదల ముప్పైల్లోనే మొదలు. ఆ పాత డిశ్చార్జ్ కాగితం ఉందా? అండాశయాలు ఉంచారో తీశారో చూడండి.

#30 శైలు_ఏలూరు
కాగితం లేదు. అమ్మని అడిగితే "ఏం తీశారో నాకేం తెలుసే, మీ నాన్న సంతకం పెట్టారు" అంది.

#31 పల్లెటూరి_నర్సు
అందరూ అదే చెప్తారు.

#32 సీ_ఆర్మ్_కింద
మందుల సంగతి. మీ డాక్టర్‌తో మాట్లాడడానికి మాత్రమే, మందుల షాపుకి వెళ్ళడానికి కాదు.

రెండు జట్లున్నాయి. ఎముక అరగకుండా ఆపేవి ఒకటి, కొత్త ఎముక కట్టేవి ఇంకొకటి. ఆపే జట్టులో అలెండ్రోనేట్ వారానికో మాత్ర, జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి సెలైన్‌లో, డెనోసుమాబ్ ఆరు నెలలకో ఇంజెక్షన్. కట్టే జట్టులో మన దగ్గర ఎక్కువగా వాడేది టెరిపారటైడ్, ఇన్సులిన్ పెన్నులా రోజూ పొట్టకో తొడకో 20 మైక్రోగ్రాములు, మామూలుగా రెండేళ్ళ దాకా. స్క్రూలు పడ్డ ముసలివాళ్ళలో నాకు ఇష్టం ఇదే. జపాన్‌లో ఇలాంటి ఆపరేషన్ అయిన స్త్రీల మీద చేసిన అధ్యయనంలో ఇది వాడినవాళ్ళకి స్క్రూలు వదులవడం తక్కువ కనిపించింది. కోర్సు అయ్యాక ఆపేసి ఊరుకోకూడదు, వెంటనే మొదటి జట్టులో ఒకటి మొదలుపెట్టాలి, లేకపోతే కట్టిందంతా కరిగిపోతుంది.

క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్ళకి టెరిపారటైడ్ ఇవ్వరు. జోలెడ్రోనిక్‌కి ముందు కిడ్నీ పరీక్ష చూడాలి.

#33 బిల్లు_చూసి_బేజారు
జోలెడ్రోనిక్ మా అమ్మకి ఇచ్చారు. మర్నాడు 102 జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. వేరే డాక్టర్ దగ్గరికి పరుగెత్తి డెంగ్యూ టెస్ట్ కూడా చేయించాం. తర్వాత తెలిసింది, మొదటిసారి ఎక్కించాక అలా రావడం మామూలేనట. ఆ ముక్క ముందే చెప్పుంటే టెస్ట్ డబ్బులు మిగిలేవి.

#34 నాయనమ్మ_ఫ్యాన్
వారానికో మాత్రది మా నాయనమ్మకి రాశారు. పరగడుపున గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. పడుకోకపోవడం ఓకే. లేచాక అరగంట కాఫీ లేకుండా? రెండో ఆదివారానికి మాత్ర తులసి కోటలో దొరికింది.

#35 పల్లెటూరి_నర్సు
డెనోసుమాబ్ గురించి ఒక హెచ్చరిక. ఆరు నెలల తేదీ తప్పకూడదు. వేరే మందు లేకుండా మధ్యలో మానేస్తే అరుగుదల ఒక్కసారిగా విరుచుకుపడి, వరసగా రెండు మూడు పూసలు నలిగిన వాళ్ళున్నారు. ఊరికి వెళ్ళాం, డబ్బు సర్దుబాటు కాలేదు అంటే కుదరదు. ఆ విటమిన్ డి సాషే 60 వేల యూనిట్లది. వారానికి ఒకటి అంటే వారానికి ఒకటే. రోజూ వేసుకుని వాంతులతో, మతి తప్పి ఆస్పత్రిలో పడ్డ పెద్దాయన్ని చూశాను.

#36 గుంటూరు_ఘాటు
ఇవన్నీ ఎందుకండీ, రాగి జావ, నువ్వులుండ, పొద్దుటెండ. మా తాత 94 ఏళ్ళు బతికాడు, ఒక్క ఎముక విరగలేదు.

#37 ఫిజియో_ఫణి
#36 రాగులు, నువ్వులు తినండి, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంది, నేనే అందరికీ చెప్తా. కానీ ఇల్లు కూలుతుంటే ఇటుకలు తెచ్చి గేటు దగ్గర పోస్తే సరిపోదు, కట్టేవాడు కావాలి. మీ తాతకి 34లో గర్భసంచి తీశారా?

#38 తాపీమేస్త్రి_మనవడు
😂😂 #37 కి దండం.

#39 కనిగిరి_పిల్ల
సిమెంట్ నుంచి కాస్త పక్కకి వెళ్తున్నా. మా అమ్మది మీ అందరికీ తిరగేసిన కేసు. డెక్సాలో టీ స్కోరు ప్లస్ 2. ఎముకలు ఉక్కులా ఉన్నాయని ల్యాబ్ అబ్బాయి మెచ్చుకున్నాడు. ఆర్నెల్లకి తుంటి విరిగింది. మాది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. ఇప్పుడు నడుముకి కూడా ఆపరేషన్ అంటున్నారు. మాకు సిమెంట్ కావాలా అక్కర్లేదా?

#40 సీ_ఆర్మ్_కింద
#39 ఇది పక్కకి వెళ్ళడం కాదు. మీ కనిగిరి ప్రాంతం గురించి 1937లోనే రాశారు, అప్పట్లో అది నెల్లూరు జిల్లాలో ఉండేది. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి వైద్య రచనల్లో అదొకటి. నల్లగొండ వైపూ ఇదే కథ. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో చిక్కగా కనిపిస్తుంది కానీ పెళుసు. గట్టి, బలం రెండూ ఒకటి కాదు. దాంట్లో స్క్రూ దిగడానికే చెమటలు పడతాయి, వదులవడం కంటే పగలడం భయం. గుల్ల ఎముకకి వేసే సిమెంట్ లెక్క దీనికి వర్తించదు. ఇలాంటి కేసులో నరాల దారి కూడా ముడుచుకుపోయి ఉండొచ్చు, ఎమ్మారై మొత్తం వెన్నుకి తీయించమని అడగండి. ఆపరేషన్ చేసే ఆయనకి ఊరి పేరు తప్పకుండా చెప్పండి.

ఫ్లోరైడ్ లేకపోయినా, ముసలితనంలో పూసల అంచున ముళ్ళు పెరిగితే నడుము డెక్సా ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తుంది. అందుకే తుంటి స్కోరు కూడా చూడాలి. ఆపరేషన్ కోసం సీటీ ఎలాగూ తీస్తారు, అందులోనే ఎముక చిక్కదనం కొలిచే వీలుంది.

#41 మోడరేటర్
#39 కోసం వేరే థ్రెడ్ విడదీస్తున్నా. తాపీమేస్త్రి_మనవడు, స్మైలీలు తగ్గించు నాన్నా.

#42 శైలు_ఏలూరు
మంగళవారం మొదటి డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళొచ్చాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకెళ్ళా. ఏ స్క్రూలకి సిమెంట్ అంటే డి11 (ఛాతీ వైపు పదకొండో పూస), ఎల్3 (నడుము మూడో పూస), అంటే పై చివర రెండు, కింది చివర రెండు అన్నారు. ఎస్టిమేట్‌లో ఎనిమిది సిమెంట్ స్క్రూలు ఉన్నాయేంటి అంటే కాగితం చేతిలోకి తీసుకుని చూసి, బిల్లింగ్‌కి ఫోన్ చేసి మార్పించారు. కోపగించుకోలేదు. గర్భసంచి సంగతి చెప్తే పెన్ను కింద పెట్టి, "ఇది ముందే అడగాల్సింది నేను" అన్నారు. ఎముక మందుకి హార్మోన్ల డాక్టర్, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌ని పిలిపిస్తామన్నారు.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది, "సిమెంట్ వేశాక కింద కూర్చుని పప్పు రుబ్బచ్చా?" మూడు నెలలు ఆగమన్నారు. "మూడు నెలల తర్వాత మిక్సీలో వేసుకోండి" అన్నారు.

#43 మత్తు_మాస్టారు
బుధవారం పొద్దున బీపీ మాత్ర వేసుకోవాలా మానాలా అని అక్కడి అనెస్థీషియా వాళ్ళని ఈ రాత్రే అడిగి పెట్టుకోండి.

#44 శైలు_ఏలూరు
ఐదు రోజులైంది, రాయడం కుదరలేదు. ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది. మూడు స్క్రూలకే సిమెంట్ వేశారు. నాలుగోదానికి సిర వైపు పోతోందనిపించి సగంలో ఆపేశామన్నారు, ఎక్స్‌రేలో చూపించారు కూడా, సన్నటి తెల్ల తోక. #17 చదివి ఉండకపోతే అక్కడే కళ్ళు తిరిగేవి. ఊపిరి బాగానే ఉంది. రెండో రోజు బెల్టు కట్టి మంచం పక్కన నిలబెట్టారు. కుడికాలు ఇంకా పూర్తిగా రాలేదు, ఎడమది వచ్చింది.

#45 కరీంనగర్_కవిత
మంచిగైంది అక్కా. నేను బాపుకి డెక్సా చేయించిన. మైనస్ 3.1. సోమవారం అపాయింట్‌మెంట్.

#46 బిల్లు_చూసి_బేజారు
డిశ్చార్జ్ ఫైల్లో స్క్రూల స్టిక్కర్లు అంటించారో లేదో చూసుకోండి. ఏ కంపెనీ, ఎంత సైజు అన్నీ అందులో ఉంటాయి. రేపు ఎప్పుడైనా మళ్ళీ తెరవాల్సి వస్తే ఏ స్క్రూడ్రైవర్ కావాలో అదే చెప్తుంది. బిల్లులో సిమెంట్ స్క్రూలు ఎన్నో కూడా వాటితో సరిపోల్చండి.

#47 నాయనమ్మ_ఫ్యాన్
ఎయిర్‌పోర్టులో బీప్ వస్తుందా?

#48 సీ_ఆర్మ్_కింద
#47 స్క్రూలు ఎక్కువగా టైటానియం, ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. సిమెంట్‌కి రాదు. ఎమ్మారైకి అడ్డు ఉండదు, కాకపోతే స్క్రూల చుట్టూ బొమ్మ మసకగా వస్తుంది.

#49 శైలు_ఏలూరు
ఇంటికి వచ్చేశాం. టెరిపారటైడ్ పెన్ను మొదలుపెట్టారు, రాత్రి తొమ్మిదికి నేనే వేస్తున్నా. ఫ్రిజ్‌లోనే ఉండాలి, గడ్డకట్టకూడదు అన్నారు. మా ఇంట్లో కరెంటు రోజుకి రెండు మూడు గంటలు పోతోంది. ఏం చేయాలి?

#50 పల్లెటూరి_నర్సు
ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే ఆ రెండు మూడు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఫ్రీజర్ పక్కన పెట్టొద్దు, ఐసు తగిలి గడ్డకడితే పారేయాల్సిందే. తలుపులో కాకుండా మధ్య అరలో, డబ్బాలో పెట్టండి. తెరిచిన తేదీ పెన్ను మీద రాయండి, 28 రోజులే.

#51 శైలు_ఏలూరు
మధ్య అరలో అమ్మ ఆవకాయ జాడీ ఉంది. జరపనివ్వట్లేదు.

#52 తాపీమేస్త్రి_మనవడు
జాడీని బరువులు ఎత్తగలిగిన వాళ్ళెవరైనా జరపండి. అమ్మగారు మాత్రం వద్దు.

#53 కరీంనగర్_కవిత
సోమవారం వెళ్ళొచ్చినం. బాపుకి జోలెడ్రోనిక్ రాశారు, ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించి రమ్మన్నారు. నడుముకి మందు అంటే పళ్ళు ఎందుకని బాపు లొల్లి. ఎందుకు?

#54 సీ_ఆర్మ్_కింద
#53 ఈ మందు మీద ఉండగా పన్ను పీకితే అరుదుగా దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెడుతుంది. పీకాల్సినవి ఉంటే ముందే పీకించి, మానాక మందు ఎక్కించడం మేలు.

#55 కరీంనగర్_కవిత
బాపుకి ఉన్నవే నాలుగు పళ్ళు సార్. రేపు తీసుకపోతా.